ఎంఐఎంకు లో అలాయ్ స్టీలు ఎంపిక: ఈఎన్-19 పాల్‌ను 4605లో చేయవచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో ఒకసారి. రాచెట్ పళ్లకు తగులుకునే చిన్న కొక్కెం, అంటే పాల్. 22 మి.మీ. పొడవు, ఎక్కువలో ఎక్కువ 5 మి.మీ. మందం, సుమారు 9 గ్రాముల బరువు. ఇప్పుడు ఈఎన్-19 అనే క్రోమియం-మాలిబ్డినం స్టీలు కడ్డీ నుంచి మెషీనింగ్ చేసి, 40-44 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలమానంలో కాఠిన్యం) దాకా హార్డెన్ చేసి, జింక్ ప్లేటింగ్ వేయిస్తున్నారు. ఏడాదికి 60 వేలు కావాలి కాబట్టి మెటల్ ఇంజెక్షన్ మౌల్డింగ్‌కు, అంటే ఎంఐఎంకు మారాలనుకుంటున్నారు. సన్నని లోహపు పౌడరును బైండరు అనే జిగురు పదార్థంతో కలిపిన ముద్దను (ఫీడ్‌స్టాక్) మౌల్డ్‌లోకి నెట్టి, తర్వాత బైండరు తీసేసి (డీబైండింగ్), ఫర్నేసులో కాల్చి గట్టి లోహపు ముక్కగా మార్చడమే (సింటరింగ్) ఆ పద్ధతి. ఒక సప్లయరు 4605 అనే నికెల్-మాలిబ్డినం స్టీలు గ్రేడు అన్నాడు. ఇంకొకాయన ఇనుము-2 శాతం నికెల్‌లో చేసి కేస్ హార్డెనింగ్, అంటే పై పొరను మాత్రమే గట్టిపరచడం, చేద్దామన్నాడు. మీ డిజైన్ వాళ్లు మాత్రం డ్రాయింగులో ఉన్న ఈఎన్-19కు సమానమైన 4140నే కావాలంటున్నారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి అని కదా.

నా సమాధానం 4605. అయితే డ్రాయింగులో ఈఎన్-19 కొట్టేసి ఆ చోట 4605 అని రాసి ఊరుకుంటే పని అవదు. కాఠిన్యం అంకె మార్చుకోవాలి, ప్లేటింగ్ గురించి మళ్లీ ఆలోచించాలి, కార్బన్ బాధ్యత ఎవరిదో కాగితం మీద తేల్చుకోవాలి. కడ్డీ కొన్నప్పుడు కార్బన్ సంగతి స్టీలు మిల్లే చూసుకుంటుంది. ఎంఐఎంలో ఆ స్టీలు తయారయ్యేదే మీ సప్లయరు ఫర్నేసులో. అందుకే లో అలాయ్ స్టీలు (ఇతర లోహాలు కొద్ది శాతమే కలిపిన స్టీలు) ఎంపికలో గ్రేడు పేరు కన్నా, ఆ గ్రేడు అడిగే కార్బన్‌ను ఆ షాపు నిలబెట్టగలదా అన్నదే పెద్ద ప్రశ్న.

ముందు 4140 సంగతి. ఈఎన్-19లో సుమారు 1 శాతం క్రోమియం, 0.2-0.3 శాతం మాలిబ్డినం, 0.4 శాతం కార్బన్ ఉంటాయి. ఆ క్రోమియం అక్కడ ఉన్నది 30, 40 మి.మీ. షాఫ్టు లోపలి దాకా గట్టిపడటానికి. మీ పాల్ మందం 5 మి.మీ. ఆయిల్‌లో పడిన కొన్ని సెకన్లలోనే దాని మధ్యభాగం కూడా చల్లబడిపోతుంది. అంత సన్నని ముక్కకు 2 శాతం నికెల్, 0.2-0.5 శాతం మాలిబ్డినం, 0.5 శాతం కార్బన్ చాలు. 4605 అంటే అదే.

కడ్డీ కొనేటప్పుడు క్రోమియం భారం మీకు తెలియదు. పౌడరు దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది. 4605ను సాధారణంగా 3-5 మైక్రాన్ల కార్బొనైల్ ఐరన్ పౌడరులో కార్బొనైల్ నికెల్, మాలిబ్డినం పౌడర్లు కలిపి చేస్తారు. నికెల్, మాలిబ్డినం ఆక్సైడులు హైడ్రోజన్‌లో సులువుగా లోహంగా మారిపోతాయి. క్రోమియం అలా కాదు. ఒకసారి ఆక్సైడు పట్టిందంటే వదలదు. కాబట్టి 4140ను ముందే అన్నీ కలిపి కరిగించి, చిమ్మి పొడి చేసిన (అటమైజ్ చేసిన) పౌడరుతోనో, క్రోమియం ఎక్కువగా ఉన్న మాస్టర్ అలాయ్‌ని కార్బొనైల్ ఐరన్‌లో కలిపో చేయాలి. ఫర్నేసులో వాయువు బాగా పొడిగా ఉండాలి. డ్యూ పాయింట్ (వాయువులో తేమను చెప్పే కొలత) మైనస్ 40 డిగ్రీల కన్నా పైకి వస్తే గ్రెయిన్ల (లోహపు స్ఫటికాల) అంచుల్లో ఆక్సైడు మిగిలిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు సాగుదల పడిపోతుంది. మాంగనీసు ఉన్న పౌడరైతే లోతైన వాక్యూమ్‌లో అది ఆవిరై పోతుంది. దాన్ని ఆపడానికి కొద్దిపాటి ఆర్గాన్ లేదా నైట్రోజన్ ఒత్తిడి ఉంచాలి. ఇన్ని తిప్పలు పడి తెచ్చుకునే హార్డెనబిలిటీ (లోపలి దాకా గట్టిపడే గుణం) మీ 5 మి.మీ. ముక్కకు అక్కరే లేదు.

అంకెలు చూద్దాం. ఎంపీఐఎఫ్ (అమెరికాలోని మెటల్ పౌడర్ ఇండస్ట్రీస్ ఫెడరేషన్) స్టాండర్డ్ 35లో ఎంఐఎం భాగం ఇచ్చే మామూలు విలువల ప్రకారం, క్వెంచ్-టెంపర్ చేసిన (ఎర్రగా కాల్చి ఆయిల్‌లో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచిన) 4605కు తన్యతా బలం (లాగితే తెగే ఒత్తిడి) 1655 మెగాపాస్కల్స్, యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 1480, సాగుదల 2 శాతం, కాఠిన్యం 48 హెచ్‌ఆర్‌సీ. అదే స్థితిలో 4140కు 1650, 1240, 5 శాతం, 46. తన్యతా బలంలో తేడా లేనట్టే. యీల్డ్‌లో 4605, సాగుదలలో 4140 ముందున్నాయి. ఇవి మామూలు విలువలు, హామీ ఇచ్చే కనీస విలువలు వీటికన్నా తక్కువ. డిజైన్ లెక్కల్లో కనీస విలువనే వాడండి. మీ పాల్ మీద పడేది నెమ్మదిగా పెరిగే లోడు, పళ్ల మీద రాపిడి అయితే 2 శాతం సాగుదలతో ఇబ్బంది లేదు. ఎవరైనా సుత్తితో కొట్టినట్టు ఇంపాక్టు పడే చోటైతే మాత్రం డిజైన్ వాళ్ల మాటకు విలువుంది. అప్పుడు 4140కు డబ్బు పెట్టవచ్చు. అది పళ్లు మధ్యలో జారి, స్ప్రింగు బలంతో పాల్ వచ్చి తగిలే మెకానిజమా, కాదా అన్నది మీరే చెప్పాలి.

ఇప్పుడు చాలామంది తప్పటడుగు వేసే చోటు: 40-44 హెచ్‌ఆర్‌సీ అన్న అంకె. కడ్డీ ఈఎన్-19లో క్రోమియం, మాలిబ్డినం ఉండటం వల్ల టెంపరింగ్‌లో అది నెమ్మదిగా మెత్తబడుతుంది. 400 డిగ్రీలు దాటించినా 40 పైన నిలుస్తుంది. అక్కడ 40-44 అంటే దృఢత్వం ఉన్న మంచి స్థితే. 4605లో క్రోమియం లేదు. 180 డిగ్రీల టెంపరింగ్‌లో 48 ఉన్నది 42కు దిగాలంటే చాలావరకు 300 డిగ్రీల చుట్టుపక్కల టెంపర్ చేయాల్సి వస్తుంది. 250 నుంచి 370 డిగ్రీల మధ్య టెంపర్ చేస్తే ఈ స్టీళ్లు మెత్తబడుతూనే పెళుసెక్కుతాయి. పాత డ్రాయింగులో ఉన్న అంకెను అలాగే దించుకుంటే, హీట్ ట్రీట్‌మెంట్ షాపువాడు ఆ అంకె కోసం సరిగ్గా ఆ మధ్యలోనే టెంపర్ చేసి పంపుతాడు. అంకె కుదురుతుంది, ముక్క విరుగుతుంది. కాబట్టి 4605కు రెండే దారులు: 180-220 డిగ్రీల్లో టెంపర్ చేసి 45-50 దగ్గర ఉంచుకోండి, లేదా 400 దాటించి 40కి దిగువన వచ్చింది తీసుకోండి. మీది రాపిడి పాల్ కాబట్టి మొదటిదే.

ఇందులోనే ఇంకో మెలిక. ఎంఐఎం ముక్కలో 3-5 శాతం రంధ్రాలు మిగులుతాయి. 4605 సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.5 గ్రాములు, అంటే పూర్తి సాంద్రతలో సుమారు 95-96 శాతం. రాక్‌వెల్ పరీక్షలో డైమండ్ మొన ఆ రంధ్రాలను కూడా కలిపే నొక్కుతుంది. అందుకే మిషన్ 48 చూపించినా, లోహం అసలు కాఠిన్యం 55 దాకా ఉండవచ్చు. అరుగుదల విషయంలో పని చేసేది ఆ అసలు కాఠిన్యమే. ఈఎన్-19లో 44కు అలవాటు పడ్డవాళ్లు ఎంఐఎంలో 44 చూసి అదే అనుకోకూడదు. మైక్రో కాఠిన్యం, అంటే చిన్న మొనతో తీసే విక్కర్స్ కాఠిన్యం (హెచ్‌వీ), 0.1 లేదా 0.3 లోడుతో, కోసి పాలిష్ చేసిన ముక్క మీద తీయించండి.

ఇక రెండో సప్లయరు చెప్పిన ఇనుము-2 నికెల్. ఎంపీఐఎఫ్‌లో దాని పేరు ఎంఐఎం-2200. సింటర్ చేసి తీసినప్పుడు కార్బన్ 0.1 శాతం లోపే. బలం 290 మెగాపాస్కల్స్, యీల్డ్ 125, సాగుదల 40 శాతం. అంటే మెత్తని, సాగే ముక్క. సైజింగ్ (ప్రెస్‌లో నొక్కి కొలత సరిచేయడం) చేయవచ్చు, కొద్దిగా వంకర ఉంటే ప్రెస్‌లో సరిచేయవచ్చు. కార్బన్ కాపాడుకోవాల్సిన పని లేదు కాబట్టి సప్లయరుకు ప్రాణానికి హాయి. శుభ్రమైన హైడ్రోజన్‌లో కాల్చేస్తే చాలు. ఆయన ఇది ఎందుకు చెప్పాడో అర్థమైంది కదా. ఆ సలహా తప్పేమీ కాదు, మీ అవసరానికి సరిపోతుందా లేదా అన్నదే చూడాలి.

దీన్ని కేస్ హార్డెన్ చేస్తే పైన 0.3-0.5 మి.మీ. గట్టి పొర వస్తుంది, లోపల మెత్తగా ఉంటుంది. పాల్ మొన పంటి అంచు మీద సన్నని గీతలా ఆనుతుంది కాబట్టి ఆ ఒత్తిడి పొర కింద ఉన్న మెత్తని లోహం మీద పడుతుంది. లోపలిది లొంగిందంటే పై పొర గుడ్డు పెంకులా పగులుతుంది. ఇది వెంటనే కనపడదు. కొన్ని వేల సార్లు పని చేశాక మొన దగ్గర నొక్కుకుపోయి, ఆ తర్వాత పెచ్చులు లేస్తుంది. లోడు తక్కువగా ఉండి రాపిడి మాత్రమే ఉన్న లివర్లు, కామ్‌లు, తాళం భాగాలకు 2200 బంగారం లాంటిది. లోడు మొన మీద పడే పాల్‌కు కాదు.

ఒకవేళ 2200లోనే చేయాల్సి వస్తే కార్బురైజింగ్ (పై పొరలోకి కార్బన్ ఎక్కించడం) కన్నా కార్బోనైట్రైడింగ్ (కార్బన్‌తో పాటు నైట్రోజన్ కూడా ఎక్కించడం) అడగండి. ఈ స్టీలులో మాంగనీసు, క్రోమియం లేవు. గట్టిపడే గుణం తక్కువ. 850-870 డిగ్రీల దగ్గర అమ్మోనియా ద్వారా వచ్చే నైట్రోజన్ పై పొరకు ఆ గుణాన్ని కొంత తెస్తుంది. దాంతో ఆయిల్‌లోనే బాగా గట్టిపడుతుంది. నీళ్లలో వేయాల్సిన అవసరం రాదు, వంకరలూ తగ్గుతాయి. సాంద్రత మీద కూడా ఓ కన్నేయండి. 92 శాతం కన్నా దిగువకు పోతే రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. వాయువు లోపలి దాకా దూరిపోయి, 0.4 అనుకున్న పొర ముక్క అంతా పాకుతుంది. అప్పుడది కేస్ హార్డెన్ చేసిన ముక్క కాదు, గాజు ముక్క. ఈ పొర కాఠిన్యాన్ని హెచ్‌ఆర్‌సీలో కొలవకండి. 150 కిలోల లోడు పొరను చీల్చుకుని లోపలికి పోయి తప్పు అంకె చూపిస్తుంది.

లోపలి భాగం గట్టిగా కావాలని కొందరు ఎంఐఎం-2700కు, అంటే 7.5 శాతం నికెల్‌కు వెళతారు. సింటర్ స్థితిలో బలం 415, యీల్డ్ 255 మెగాపాస్కల్స్. ఆ స్థితిలోనే వాడుకునే ముక్కకు మంచిది. దాన్ని గాఢంగా కార్బురైజ్ చేస్తే మాత్రం కార్బన్, నికెల్ రెండూ కలిసి మార్టెన్‌సైట్ (క్వెంచ్‌లో ఏర్పడే గట్టి రూపం) మొదలయ్యే ఉష్ణోగ్రతను కిందికి లాగేస్తాయి. 0.8 శాతం కార్బన్‌తో లెక్క వేస్తే 2 శాతం నికెల్‌కు అది సుమారు 165 డిగ్రీలు, 7.5 శాతానికి సుమారు 70. గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి బోలెడు ఆస్టెనైట్ (వేడిలో ఉండే మెత్తని రూపం) మారకుండా మిగిలిపోతుంది. కాఠిన్యం రాదు, తర్వాత కొలతలూ కదులుతాయి. ఎక్కువ నికెల్ అంటే ఎక్కువ మంచిది అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. గట్టి కోర్‌తో పాటు కేస్ కూడా కావాలంటే 8620 ఫీడ్‌స్టాక్ చూడండి. అందులో క్రోమియం 0.5 శాతం చుట్టూ, నికెల్ అంతే, కార్బన్ 0.2. మన షాపుల్లో 20ఎంఎన్‌సీఆర్5 వాడే చోట్లకు దీన్ని అనుకోవచ్చు.

ఈఎన్-31కు సమానంగా 52100 కూడా ఎంఐఎంలో ఉంది. 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం. కేవలం అరుగుదల ఉన్న చోటుకే. మీ పాల్‌కు వద్దు.

ఇక అసలు కార్బన్ లెక్క. సప్లయరుతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు, అవతలివాడు జాగ్రత్తగా మాట్లాడతాడు.

పౌడరు రేణువుల మీద ఆక్సిజన్ ఉంటుంది. సింటరింగ్‌లో అది కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా పోతుంది. 16 భాగాల ఆక్సిజన్ 12 భాగాల కార్బన్‌ను తీసుకుపోతుంది. అంటే ప్రతి 0.1 శాతం ఆక్సిజన్ 0.075 శాతం కార్బన్‌ను తినేస్తుంది. పౌడరులో 0.3 శాతం ఆక్సిజన్ ఉంటే 0.225 శాతం కార్బన్ పోతుంది. చివరికి 0.5 మిగలాలంటే మొదట్లో 0.725 ఉండాలి. ఇప్పుడు తర్వాతి పౌడరు లాటులో ఆక్సిజన్ 0.4 వచ్చిందనుకోండి. అదే 0.725తో మొదలుపెడితే చివరికి 0.425. ఆక్సిజన్ 0.2 అయితే 0.575. 4605కు స్టాండర్డ్ ఇచ్చే హద్దు 0.4-0.6. రెండు లాటులూ హద్దులోనే ఉన్నాయి, కానీ రెండూ అంచుల మీద ఉన్నాయి. క్వెంచ్ చేశాక కాఠిన్యం రెండింటికీ ఒకటి కాదు. హీట్ ట్రీట్‌మెంట్ వాడిని తిట్టే ముందు ఈ లెక్క వేసి చూడండి. హైడ్రోజన్ ఉంటే ఆక్సిజన్‌లో కొంత భాగం నీటి ఆవిరిగా పోతుంది కాబట్టి నిజంగా పోయే కార్బన్ ఇంతకన్నా తక్కువే ఉంటుంది. ఎంత తక్కువ అన్నది ఆ ఫర్నేసును బట్టి, ట్రయల్ వేసి తెలుసుకోవాల్సిందే.

కార్బన్ వచ్చే దారులు కూడా రకరకాలు. శుద్ధి చేయని కార్బొనైల్ ఐరన్ పౌడరులోనే 0.7-0.9 శాతం కార్బన్ ఉంటుంది. హైడ్రోజన్‌లో శుద్ధి చేసిన మెత్తని రకంలో దాదాపు ఉండదు. కొందరు ఈ రెండింటినీ తగిన పాళ్లలో కలిపి కార్బన్ కుదురుస్తారు. కొందరు మెత్తని రకంలో సన్నని గ్రాఫైట్ వేస్తారు. ఇది కాక బైండరు కాలినప్పుడు మిగిలే మసి ఒకటి. నైట్రోజన్‌లో డీబైండ్ చేస్తే ఎక్కువ మిగులుతుంది, హైడ్రోజన్‌లో తక్కువ. డీబైండింగ్ వాయువు మార్చారంటే కార్బన్ మారినట్టే. సప్లయరు మీకు చెప్పకుండా ఫర్నేసు మార్చకూడదు అని ఆర్డరులో రాయమనేది ఇందుకే.

వాయువు ఎంపికలో 2200కు, 4605కు సరిగ్గా వ్యతిరేకం. 2200కు హైడ్రోజన్ మంచి మిత్రుడు, కార్బన్‌ను మీథేన్‌గా తీసుకుపోయి శుభ్రం చేస్తుంది. 4605కు అదే పని చేస్తే దొంగ. అందుకే 4605ను ఎక్కువగా నైట్రోజన్‌లో, కొద్దిశాతం హైడ్రోజన్ కలిపి కాలుస్తారు. ఒకే ఫర్నేసులో ఒకే ప్రోగ్రాముతో రెండింటినీ కలిపి కాల్చే షాపు కనపడితే అక్కడి నుంచి వచ్చేయండి. సింటరింగ్ 1200-1300 డిగ్రీల మధ్య జరుగుతుంది. ముక్కల కింద అల్యూమినా పలకలుండాలి. గ్రాఫైట్ పలక మీద నేరుగా పెడితే తగిలిన చోట ఇనుము కార్బన్‌ను పీల్చుకుంటుంది. ఇనుము-కార్బన్ మిశ్రమం 1150 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. ముక్క అడుగున కరిగి అంటుకున్న మచ్చలు కనపడితే కారణం అదే.

మొత్తం కార్బన్ సరిగ్గా ఉన్నా పై పొరలో తగ్గిపోవడం ఇంకో జబ్బు. వాయువులో తేమ ఉన్నా, చల్లబడేటప్పుడు గాలి లీకైనా పైన 0.1-0.2 మి.మీ. డీకార్బ్ అవుతుంది. ముక్క మొత్తాన్ని కాల్చి కార్బన్ కొలిచే యంత్రం 0.48 చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. పాల్ మొన మాత్రం మెత్తగా ఉండి వారం రోజుల్లో అరిగిపోతుంది. కాబట్టి అడ్డంగా కోసి, ఉపరితలం నుంచి 0.05, 0.1, 0.2, 0.3 మి.మీ. దగ్గర, ఆ తర్వాత మధ్యలో మైక్రో కాఠిన్యం తీయించాలి. పైన తక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ పెరుగుతుంటే డీకార్బ్ అయినట్టే. దీనికి మందు ఉంది: హార్డెనింగ్‌ను మామూలు గాలి ఫర్నేసులో కాకుండా 0.5 శాతం కార్బన్ పొటెన్షియల్ ఉన్న వాయువులో, అంటే ఉపరితలంలో అంత కార్బన్‌ను నిలబెట్టే వాయువులో, చేయించండి. పోయిన కార్బన్ తిరిగి ఎక్కుతుంది. నిజానికి 4605ను ఎప్పుడూ ఇలాగే చేయించడం మేలు. సీల్డ్ క్వెంచ్ ఫర్నేసు (గాలి తగలకుండా వేడి చేసి లోపలే క్వెంచ్ చేసేది) లేని హీట్ ట్రీట్‌మెంట్ షాపు తక్కువ ధర చెబితే ఆ తేడా ఎక్కడ పోతుందో ఇప్పుడు తెలిసింది కదా.

హార్డెనింగ్‌కు 830-870 డిగ్రీలు, ముక్క మొత్తం వేడెక్కాక 20-30 నిమిషాలు, 60 డిగ్రీల ఆయిల్‌లో క్వెంచ్, వెంటనే టెంపరింగ్. క్వెంచ్ చేసిన ముక్కలను రాత్రంతా బుట్టలో వదిలేసి పొద్దున టెంపర్ చేస్తే మూలల్లో పగుళ్లు వస్తాయి. పాల్ పిన్ను రంధ్రానికి, మొనకు మధ్య లోపలి మూలలో కనీసం 0.4-0.5 మి.మీ. రేడియస్ పెట్టండి. మౌల్డ్‌లో రేడియస్ పెట్టడానికి అదనపు ఖర్చేమీ ఉండదు. మెషీనింగ్ డ్రాయింగులోని పదునైన మూలను అలాగే ఎంఐఎంకు తేవడం అర్థం లేని పని.

మైక్రోస్కోపులో 4605 చూసినప్పుడు తెల్లటి మచ్చలు కనపడితే కంగారు పడకండి, కానీ వదిలేయకండి. అవి నికెల్ పూర్తిగా కలవని చోట్లు. ఇనుములో నికెల్ చాలా నెమ్మదిగా పాకుతుంది. నికెల్ ఎక్కువ ఉన్న చోట క్వెంచ్ తర్వాత కూడా ఆస్టెనైట్ మెత్తగా మిగులుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే సాగుదలకు మేలే చేస్తాయంటారు. గుంపులు గుంపులుగా ఉంటే పౌడరు సరిగా కలపలేదనో, ముతక నికెల్ వాడారనో, సింటరింగ్ సమయం చాలలేదనో అర్థం.

ఇప్పుడు మౌల్డ్ చేయించే ముందే గ్రేడు ఎందుకు తేల్చుకోవాలో చెబుతాను. ఎంఐఎంలో ముక్క సింటరింగ్‌లో పొడవులో 14-18 శాతం కుదించుకుంటుంది. అందుకని మౌల్డ్‌ను ఆ మేరకు పెద్దగా కోస్తారు. 20 మి.మీ. కొలతకు గుణకం 1.17 అయితే మౌల్డ్‌లో 23.4 మి.మీ. రేపు ఇంకో గ్రేడు ఫీడ్‌స్టాక్ తెచ్చారు, దాని గుణకం 1.175 అనుకోండి. అదే మౌల్డ్‌లో వచ్చే ముక్క 23.4ను 1.175తో భాగిస్తే 19.915. అంటే 0.085 మి.మీ. తక్కువ. ఎంఐఎంలో మామూలుగా పట్టగలిగే టాలరెన్స్ కొలతలో 0.3 శాతం అటూ ఇటూ, అంటే ఈ 20కి 0.06. గుణకంలో 0.005 తేడాకే ముక్క రిజెక్ట్ అయింది. ‘ముందు 2200లో చేసి చూద్దాం, సరిపోకపోతే 4605కు మారదాం’ అన్న మాట వినడానికి బాగుంటుంది, ఆచరణలో మౌల్డ్ డబ్బు రెండుసార్లు. పిన్ను రంధ్రం గట్టి టాలరెన్స్‌తో కావాలంటే హార్డెనింగ్ తర్వాత రీమింగ్ కుదరదు. సింటర్ చేశాక, హార్డెన్ చేయక ముందు సైజు చేసి, హీట్ ట్రీట్‌మెంట్‌లో పెరిగేది ట్రయల్‌లో కొలిచి ముందే వదిలిపెట్టుకోండి. మరీ అవసరమైతే హోనింగ్.

జింక్ ప్లేటింగ్ ప్రశ్న మిగిలింది. ఈఎన్-19 40-44 దగ్గర ఉన్నప్పుడు బేకింగ్ చేస్తూ ఉంటే గడిచిపోయింది. ఇప్పుడు 48కు, లోహం లోపల 55కు వెళుతున్నారు. యాసిడ్ పిక్లింగ్, ఎలక్ట్రోప్లేటింగ్ రెండిట్లోనూ హైడ్రోజన్ స్టీలులోకి చొరబడుతుంది. ఇంత గట్టి స్టీలు కొన్ని గంటల తర్వాతో, కొన్ని రోజుల తర్వాతో ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోవచ్చు. ప్లేటింగ్ అయిన 4 గంటల లోపు 190-220 డిగ్రీల్లో బేక్ చేయాలన్నది మామూలు పద్ధతి. ఇక్కడో చిక్కు: మీరు 180లో టెంపర్ చేసి ఉంటే 210లో బేకింగ్ అంటే మళ్లీ టెంపర్ చేసినట్టే, కాఠిన్యం కొంచెం దిగుతుంది. ప్లేటింగ్ తప్పదనుకుంటే మొదటే 220లో టెంపర్ చేసి, బేకింగ్‌ను అంతకన్నా తక్కువలో పెట్టుకోండి. నా మొగ్గు మాత్రం యాసిడ్ లేకుండా వేసే జింక్ ఫ్లేక్ పూతకే. లోపల నూనె ఉండే మెకానిజమైతే మాంగనీస్ ఫాస్ఫేట్ వేసి నూనె పట్టిస్తే చాలు. ఏ పూతా లేకుండా వదిలేయడం మాత్రం కుదరదు. 2 శాతం నికెల్ ఉందని ఇది తుప్పు పట్టదనుకోకండి. హార్డెనింగ్‌కు పంపే ముందు బస్తాలో నాలుగు రోజులు ఉంచినా ఎర్రబడుతుంది. తుప్పును ఆపే వీసీఐ కవర్లలో పెట్టించండి.

ఆర్డరులో ఏం రాయాలి అంటారా. గ్రేడు ఎంఐఎం-4605 అని, చివరి కార్బన్ 0.45-0.55 అని, అది సింటర్ చేసిన ముక్కలో కొలవాలని, ఫీడ్‌స్టాక్ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదని రాయండి. సాంద్రత కనీసం 7.45, నీళ్లలో తూచే ఆర్కిమెడిస్ పద్ధతిలో. హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత 45-50 హెచ్‌ఆర్‌సీ, ఉపరితలం నుంచి 0.1 మి.మీ. లోతులో మైక్రో కాఠిన్యం మధ్యభాగం కన్నా 50 హెచ్‌వీ మించి తగ్గకూడదు. 250-370 డిగ్రీల మధ్య టెంపరింగ్ నిషేధం. కార్బన్ పరీక్షకు ప్రతి ఫర్నేసు లోడు నుంచి కనీసం మూడు ముక్కలు తీయాలి, ఒకటి ఫర్నేసు మధ్య నుంచి, రెండు వేర్వేరు అంచుల నుంచి. ఒకే బుట్టలో పై వరుస నుంచి మూడు తీసి పంపితే ఆ రిపోర్టుతో లాభం లేదు. మీ దగ్గర కార్బన్-సల్ఫర్ అనలైజర్ లేకపోతే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. మైక్రోస్ట్రక్చర్ దగ్గర సప్లయరుతో మాటామాటా వస్తే, హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల మీద పనిచేసే పరిశోధన సంస్థ, అడిగి చూడండి.

మొదటి శాంపిళ్లు వచ్చాక వెంటనే అసెంబ్లీలో వేసేయకండి. 30 ముక్కలు తీసుకోండి. పదింటిని సింటర్ స్థితిలోనే కొలిచి పక్కన పెట్టండి. మిగతా ఇరవైని కూడా కొలిచి, హార్డెన్ చేసి అవే కొలతలు మళ్లీ తీయండి. పిన్ను రంధ్రం, మొన దూరం ఎంత కదిలాయో రాసుకోండి. వాటిలో ఐదింటిని మొన దగ్గర లోడు పెంచుతూ విరగ్గొట్టండి, అదే ఫిక్సరులో మీ పాత ఈఎన్-19 పాల్‌లను కూడా ఐదు. విరిగిన లోడు సగటు కన్నా ఐదింటి మధ్య తేడా ఎంతుందో చూడండి. ఈఎన్-19 ముక్కలు దగ్గర దగ్గరగా విరిగి, 4605 ముక్కలు ఒకటి చాలా పైన, ఒకటి చాలా కింద విరిగితే విరిగిన ముఖాన్ని లెన్స్‌తో చూడండి. నున్నని గుండ్రటి బోలు కనపడితే అది మౌల్డింగ్‌లో చిక్కిన గాలి లేదా డీబైండింగ్‌లో వచ్చిన బుడగ, స్టీలు ఎంపికతో దానికి సంబంధం లేదు. గేటు చోటు, ఇంజెక్షన్ సెట్టింగులు మార్పించాలి. బోలు లేకుండా గ్రెయిన్ల అంచుల వెంట మెరుస్తూ విరిగితే టెంపరింగ్ చార్టు తెప్పించి చూడండి.